ఋణము - మానము

మన పల్నాటి గ్రామములలో హరిశ్చంద్ర నాటకమును ఒక్కసారియైనను చూడని పెద్దలు అరుదు. సత్యమునకై రాజు రాజ్యమును విడుచును, ఆలిని విక్రయించును, తుదకు తానే కాటికాపరి యగును. ఆ ఘట్టము వచ్చునప్పటికి స్త్రీలు కొంగులతో కన్నులు తుడుచుకొందురు. ఆ కథలో మనకు నవ్వును, కోపమును గూడ పుట్టించు పాత్ర నక్షత్రకుడు. మార్కండేయ పురాణమున విశ్వామిత్రుడే స్వయముగా వచ్చి తన దక్షిణ నడుగును. మన తెలుగు హరిశ్చంద్ర కథలో ఆ పనికి శిష్యుడు వచ్చును. అప్పిచ్చినవాడు తెరచాటున నుండును, అడుగు నోరు వేరొకనిది. ఈ కల్పన ఎంత లోకానుభవముతో కూడినదో, "నక్షత్రకునివలె వెంటబడినాడు" అను జాతీయము నేటికిని మన యిండ్లలో చెల్లుచుండుటయే చెప్పును.

ఆ నాటకమునుండి మనము ఒక నీతిని నేర్చుకొంటిమి: ఆడినమాట తప్పరాదు, అప్పు తీర్చవలెను. అది మంచి నీతియే. కాని రెండవ ప్రశ్నను మనము వేయనే లేదు. ఆ నక్షత్రకుడు ఎంతవరకు పోవచ్చును? ఒకనికి ధనము బాకీపడినంతమాత్రమున అతని మానము, అతని గడప, అతని భార్యాబిడ్డల నిద్ర, ఇవి గూడ తాకట్టు పడినట్లేనా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో తోచినది కాదు. ఒక చిన్న పిల్ల నన్నడిగినది.

నేను ముప్పాళ్ళలో ఉపాధ్యాయుడను. ఒకనాటి తెల్లవారుజామున బడికి పోవు త్రోవలో ఒక కౌలురైతు ఇంటి యెదుట మోటారుసైకిలు నిలిచియుండెను. వసూలునకు వచ్చిన యువకుడొకడు అరుగుమీది మంచముపై కూర్చుండి, ఎంత తీసికొన్నారో, ఎన్ని వాయిదాలు తప్పినవో వీధియంతటికి వినబడునట్లు లెక్క చదువుచుండెను. మగవాడు ఇంట లేడు. ఇల్లాలు తలుపు చాటున నిలిచి యుండెను. ఇరుగుపొరుగువారు ఎవరి పనులలో వారున్నట్లు నటించుచు వినుచుండిరి. వారిలో నేనును ఒకడను. తలవంచుకొని సాగిపోతిని. అది నా వ్యవహారము కాదని నాకు నేనే చెప్పుకొంటిని.

ఆ యింటి పిల్ల మూడు దినములు బడికి రాలేదు. నాలుగవనాడు వచ్చి, పాఠము ముగిసిన పిదప నా బల్లయొద్ద నిలిచి, "మాస్టారూ, మా నాన్న అప్పు కట్టకపోతే మా అమ్మని కూడా అమ్ముతారా?" అని యడిగెను. ఆ వారముననే నేను తరగతిలో హరిశ్చంద్రోపాఖ్యానమును చెప్పియుంటిని; చంద్రమతీ విక్రయమును కొంత రసవత్తరముగానే వర్ణించితిని. "అట్లు జరుగదమ్మా" అంటిని. "ఎందుకు జరగదు?" అనెను. ఆ "ఎందుకు"నకు నా యొద్ద సరియైన సమాధానము లేకపోయెను. రెండు భాషల సాహిత్యము చదివినవాడను, నా దేశపు శాసనము ఆ బిడ్డను ఎట్లు కాపాడుచున్నదో చెప్పలేకపోతిని. ఈ వ్యాసము నాటినుండి నేను వెదకికొన్న సమాధానము.

మొదట ఒక్కమాట చెప్పవలెను. అప్పును తేలికగా చూచువారి పక్షమున నేను వాదింపను. మానవుడు పుట్టుటయే ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి పుట్టునని వేదము. సుమతీ శతకకారుడు నివాసయోగ్యమగు ఊరికి లక్షణములు చెప్పుచు వైద్యునికంటె, పారెడి ఏటికంటె ముందుగా అప్పిచ్చువానినే పేర్కొనెను. మా ప్రాంతమున ఆ మాటలోని సత్యము అడుగడుగునను కనబడును. ప్రత్తియైనను, మిరపయైనను, విత్తనము మొదలు కోతవరకు పెట్టుబడియే. కౌలురైతు పంట చేతికి రాకమున్నే కౌలు చెల్లించవలసి వచ్చుటయు గలదు. పురుగుమందులు అంగడిలో అరువు. సరకు అమ్ముకొనునాటికి ధర యెట్లుండునో దైవమెరుగును. ఇట్టిచోట అప్పు దుర్వ్యసనము కాదు, అది వ్యవసాయములో నొక పనిముట్టు. కనుక ఇచ్చినవానికి తిరిగి రావలెననుట న్యాయము. మన ప్రశ్న తీర్చవలెనా, అక్కరలేదా అని కాదు. అడుగు విధమునకు హద్దు గలదా అని.

మన ప్రాచీనులు ఈ ప్రశ్నను ఎరుగకపోలేదు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున ఇచ్చిన ధనమును రాబట్టుటకు అయిదు మార్గములు చెప్పబడినవి: ధర్మము, వ్యవహారము, ఛలము, ఆచరితము, బలము. ధర్మమనగా నచ్చజెప్పుట, వ్యవహారమనగా న్యాయస్థానమున కెక్కుట, ఛలమనగా ఉపాయము పన్నుట, ఆచరితమనగా బాకీదారుని వాకిట ధరణా కూర్చుండుట మొదలైన ఆచారములని వ్యాఖ్యాతలు వివరించిరి, బలము అయిదవది. ఆ స్మృతియే వడ్డీకి గూడ గట్టు కట్టినది: ఒక్కసారి పుచ్చుకొను వడ్డీ అసలును మించి, మొత్తము రెండింతలు దాటరాదు.

అయితే ఆ ధర్మశాస్త్రమును ఉన్నదున్నట్లు నెత్తికెత్తుకొందుమనుట మనకు తగదు. అప్పు తీర్చలేనివాడు తక్కువ జాతివాడో సమానుడో యైనచో ఒడలు వంచి పనిచేసి తీర్చవలెననియు, ఎక్కువ జాతివాడైనచో మెల్లమెల్లగా ఇచ్చుకొనవచ్చుననియు అందే యున్నది. వెట్టిచాకిరికి అట్టి భావమే తల్లివేరు. తరతరములు అప్పుపేర మనుష్యులను పాలేర్లుగా కట్టిపడవేసిన ఆ దురాచారమును 1976వ సంవత్సరపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము నిషేధించి, అట్టి అప్పులనే రద్దుపరచినది. మన భాషలో గూడ ఆ తారతమ్యపు జాడ మిగిలియున్నది. అప్పిచ్చినవాడు ఉత్తమర్ణుడట, పుచ్చుకొన్నవాడు అధమర్ణుడట! వైయాకరణులు ఆ పదములకు ఏ విగ్రహవాక్యము చెప్పినను, లోకము మాత్రము ఒకని ఉత్తముని గాను, ఒకని అధముని గాను చూచుటకే అలవాటుపడినది.

శూద్రకుని మృచ్ఛకటికమున రెండవ అంకమును చదివినవారికి ఈ చూపు ఎంత పాతదో తెలియును. సంవాహకుడను నొక పేదవాడు జూదమున పది సువర్ణములు బాకీపడి పారిపోవుచుండును. జూదశాల యజమాని మాథురుడు తరుముకొనివచ్చును. సంవాహకుడు వెనుకడుగులు వేయుచు పాడుపడిన గుడిలో దూరి విగ్రహమువలె నిలుచును. పట్టుబడిన పిదప మాథురుడు తండ్రిని అమ్ముమనును, తల్లిని అమ్ముమనును, కడకు నిన్ను నీవే అమ్ముకొమ్మనును. వీధిలో పోవువారు చూచుచునే యుందురు. ఆ సమయమున అతనిని కాపాడినవారు ఇద్దరే: అడ్డుపడిన దర్దురకుడను మరియొక జూదరి, తన చేతి కంకణమును పంపి బాకీ తీర్చిన వసంతసేన. ఊరిలోని గౌరవనీయులలో ఒక్కడును కదలలేదు.

ఈ విషయమున పడమటి దేశములవారు మనకంటె దయాళువులని తలపరాదు. ఇంగ్లండులో బాకీ తీర్చలేనివారిని చెరసాలలో నుంచెడివారు. 1824వ సంవత్సరమున చార్లెస్ డికెన్సు తండ్రి అట్లే మార్షల్సీ చెరసాలకు పోయెను. పండ్రెండేండ్ల బాలుడు నల్లరంగు డబ్బాల కర్మాగారమున కూలికి చేరెను. చెరసాలలోనున్న తండ్రి సంపాదించి అప్పు తీర్చునది ఎట్లు? ఈ సామాన్యమైన ప్రశ్న అచటి శాసనకర్తలకు తట్టి, 1869లో అట్టి నిర్బంధమును చాలవరకు తొలగించునప్పటికి ఆ బాలుడు ప్రసిద్ధ రచయిత యయ్యెను.

ఇక మన దేశపు శాసనమేమి చెప్పుచున్నదో చూతము. మనువు చెప్పిన అయిదు మార్గములలో చివరి మూడింటిని నేటి న్యాయము మూసివేసినదని సంగ్రహముగా చెప్పవచ్చును. మోసము నేరము, బెదిరింపు నేరము. వాకిట ధరణా కూర్చుండి దైవకోపము నీకు తగులునని భయపెట్టుటను గూడ 2024 వరకు అమలులో నుండిన 1860వ సంవత్సరపు శిక్షాస్మృతి 508వ సెక్షను నేరముగా పేర్కొని, ధరణానే ఉదాహరణముగా చూపినది. మిగిలినవి రెండే: నచ్చజెప్పుట, న్యాయస్థానమునకు పోవుట.

న్యాయస్థానమునకు పోయి డిక్రీ పొందినవానికైనను సర్వాధికారములు లేవు. 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను చదివిననాడు నా కన్నులు చెమ్మగిల్లినవి. కోర్టు అమీనా జప్తునకు వచ్చినను ముట్టరాని వస్తువుల జాబితా అందు గలదు. బాకీదారునివి, అతని భార్యాబిడ్డలవి కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచములు, పడకలు, మతాచారమునుబట్టి స్త్రీ విడువరాని ఆభరణములు, అనగా మన మంగళసూత్రము, పనివాని పనిముట్లు, రైతునకు జీవనోపాధికి వలసిన సేద్యపు పరికరములు, పశువులు, విత్తనధాన్యము, తాకట్టు పెట్టనిదైనచో రైతు గాని కూలివాడు గాని కాపురముండు ఇల్లు, కూలివాని కూలి. 56వ సెక్షను ప్రకారము ధనము చెల్లింపుమను డిక్రీ క్రింద స్త్రీని నిర్బంధింపరాదు. పురుషునైనను, చెల్లింపగలిగియుండి దురుద్దేశముతో ఎగవేసెనని తేలిననే గాని, కేవలము లేమిచేత చెల్లింపలేదని చెరకు పంపరాదని 1980లో జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసినవారు న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు.

చదువరులారా, ఒక్కక్షణ మాలోచింపుడు. ప్రభుత్వముద్రతో వచ్చు అమీనాయే వంటపాత్రను ముట్టరానప్పుడు, ఏ ముద్రయు లేని వసూలుదారుడు గడపదాటి ఏ హక్కుతో ముట్టును?

రైతుబాకీల విషయమున మన ప్రాంతమునకు ఇంకొక చరిత్ర గూడ గలదు. గుంటూరు మండలము చెన్నపురి రాజధానిలో నున్న దినములలో, 1938వ సంవత్సరమున రాజగోపాలాచారి మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును తెచ్చెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు అప్పులమీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకొన్న వడ్డీ రద్దయినది. అసలునకు రెండింతలు అదివరకే చెల్లించియున్న రైతునకు బాకీయే తీరినది. మనువు గట్టునే శాసనసభ మరల కట్టినదన్నమాట.

శాసనము ఇట్లుండగా వసూలుదారునకు అంత బలము ఎచటినుండి వచ్చినది? ఈ ప్రశ్నయే నన్ను ఎక్కువగా బాధించినది. అతని బలము శాసనములో లేదు, కండలలోను లేదు. మన చూపులలో నున్నది. అతడు అరుగుమీద కూర్చుండి లెక్క చదువునది బాకీదారునకు వినిపించుటకు కాదు. ఆ లెక్క అతనికి కంఠోపాఠమే. అది మనకు వినిపించుటకు. మనము విని రేపు చెరువుగట్టున నవ్వుదుమని బాకీదారుడు భయపడును. ఆ భయమే వసూలుదారుని జప్తు. అట్లు చూచిన, మౌనముగా వినిన ప్రతి పొరుగువాడును అతనికి జీతము లేని నౌకరు.

2010వ సంవత్సరమున ఆంధ్రదేశములో సూక్ష్మఋణ సంస్థల వ్యవహారమున ఇదియే బయటపడినది. స్త్రీలను బృందములుగా చేర్చి, ఒకరికొకరు పూచీయని అప్పులిచ్చిరి. ఒకతె వాయిదా తప్పినచో తక్కిన స్త్రీలే ఆమె వాకిట నిలువవలసి వచ్చెను. పొరుగు చూపునే వసూలుయంత్రముగా మార్చిరన్నమాట. అవమానము భరింపలేక ప్రాణములు తీసికొన్నవారి వార్తలు వచ్చెను. ఆ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన ప్రభుత్వము అత్యవసరశాసనము చేసి, పిదప దానిని చట్టముగా మార్చెను. సంస్థలు జిల్లాలో నమోదు కావలెననియు, వసూలు పంచాయతీ కార్యాలయము వంటి బహిరంగస్థలముననే జరుగవలెననియు, వడ్డీ అసలును మించరాదనియు, బలవంతము చేసినవారికి మూడేండ్లవరకు ఖైదు గాని లక్ష రూపాయలవరకు జరిమానా గాని రెండును గాని విధింపవచ్చుననియు అందు గలదు. రిజర్వు బ్యాంకు క్రింద నమోదైన సంస్థలకు ఆ చట్టము వర్తింపదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది.

అట్లని ఆ సంస్థలకు పగ్గములు లేవని తలపరాదు. రిజర్వు బ్యాంకు 2022లో చేసిన నిబంధనల ప్రకారము సూక్ష్మఋణములను ఉభయులు ఒప్పుకొన్న స్థలముననే వసూలు చేయవలెను; వరుసగా రెండుసార్లు అచటికి రానిచోనే ఇంటికి పోవచ్చును; ఉదయము 9 గంటలకు ముందును సాయంకాలము 6 గంటల తరువాతను పోరాదు. ఇతర ఋణముల వసూలుదారులు ఉదయము 8కి ముందు, రాత్రి 7కి తరువాత బాకీకై ఫోను చేయరాదు. తిట్టరాదు, బెదిరింపరాదు, బంధుమిత్రులయొద్ద పరువు తీయరాదు. చరవాణిలో నిమిషమున అప్పిచ్చు యంత్రాంగముల విషయమున గూడ, బాకీదారుని ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రములను చూడరాదని ఆ యేడే ఆజ్ఞ వెలువడినది. ఛాయాచిత్రములను వికృతపరచి చుట్టములకు పంపు నేటి నక్షత్రకుడు అరుగుమీద కూర్చుండడు; మన జేబులోనే కూర్చుండును. అయినను అతని ఆయుధము పాతదే, నలుగురి చూపు.

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. బాకీదారులందరును సెక్షన్లు వల్లించుట నేర్చినచో ఇక అప్పిచ్చువాడెవడు? సుమతీ శతకకారుడు చెప్పిన ఊరి లక్షణమే పోవును గదా? ఇది కొట్టివేయదగిన మాట కాదు. ఉండి ఎగవేయువారు లేకపోలేదు. చిన్న ఋణదాతలలో వితంతువులు, ఉద్యోగవిరమణ చేసినవారు గూడ నుందురు. వారి సొమ్ము పోయిన వారికిని దుఃఖమే. కాని శాసనము ఎగవేతకును లేమికిని భేదమును చూపుచునే యున్నది. ఉండి ఎగవేసినవానిపై న్యాయస్థానము తలుపు తెరచియే యున్నది. అవమానము మాత్రము ఈ భేదమును ఎరుగదు. సిగ్గులేని ఎగవేతదారుడు అరుగుమీది కేకలకు చలింపడు. తీర్చవలెనని తపించు అభిమానవంతుడే కుమిలిపోవును. కనుక అవమానమార్గము అన్యాయమే గాక, గురి తప్పిన బాణము గూడ. నిజాయితీగలవానిని చంపి, నిజాయితీ లేనివానిని విడుచు సాధనమును ఏ వివేకి యైనను సమర్థించునా?

కావున తన హక్కునెరుగుట అప్పు నెగవేయుట కాదు. నిలకడగా లెక్క చూచుకొని, గడువు కోరి, వ్రాతపూర్వకముగా మాటాడి తీర్చుటకు అది తొలిమెట్టు. భయపడినవాడు ఒక అప్పు తీర్చుటకు ఇంకొక అప్పు చేయును. భయము లేనివాడు లెక్క అడుగును.

గృహస్థులు తెలిసికొనవలసినవి కొన్ని చెప్పెదను. ఖాళీ ప్రామిసరీ నోటుమీద గాని, ఖాళీ చెక్కుమీద గాని ఎన్నడును సంతకము చేయరాదు. ఏలయన బాకీపడుట నేరము కాకున్నను, బాకీకై ఇచ్చిన చెక్కు చెల్లక, నోటీసు వచ్చిన పదునైదు దినములలో సొమ్ము కట్టకున్న అది నేరమగును. చెల్లించిన ప్రతి రూపాయికి రసీదు పొందవలెను. సాధారణ ప్రామిసరీ నోటుపై దావా గడువు మూడేండ్లు. ఆ లోపల నోటు వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసినచో ఆనాటినుండి మరల మూడేండ్లు. వసూలునకు వచ్చినవానిని గుర్తింపుపత్రము, అధికారపత్రము చూపుమని యడుగవచ్చును. అడిగిన తప్పులేదు, చూపకున్న తప్పు. దుష్ప్రవర్తనపై మొదట ఆ సంస్థకే వ్రాయవలెను; ముప్పది దినములలో సమాధానము రానిచో, తృప్తికరము కానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మనునకు వ్రాయవచ్చును. బెదిరింపునకు పోలీసుస్టేషను గలదు. 1987వ సంవత్సరపు చట్టము క్రింద ఏర్పడిన న్యాయసేవాధికార సంస్థలలో స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగా న్యాయవాది లభించును. ఇంటి పురుషుడు లేనప్పుడే వసూలుదారుడు వచ్చుచుండును గనుక ఈ సంగతులు ఇల్లాండ్రకు ముందుగా తెలియవలెను.

బిడ్డలను గూర్చి ఒక్కమాట. తండ్రి అప్పు తీర్చుట పుత్రుని పవిత్రధర్మమని మన పూర్వ హిందూ న్యాయము. 2005వ సంవత్సరపు హిందూ వారసత్వ సవరణ చట్టము ఆ బాధ్యతను తొలగించినది. ఆ యేడు సెప్టెంబరు 9వ తేదీ తరువాతి అప్పులకై, కేవలము కొడుకైనంతమాత్రమున ఎవనిపైనను దావా చెల్లదు. తండ్రినుండి వచ్చిన ఆస్తి యెంతయో అంతవరకే బాధ్యత. తండ్రి మాట నిలువబెట్టుటకు తన కష్టార్జితమునుండి చెల్లించు కొడుకును నేను గౌరవింతును. కాని అది అతని ఔదార్యము. దానిని బెదిరించి పుచ్చుకొనుటకు ఎవనికిని హక్కులేదు.

ఆ పిల్లకు నేను తరువాత సమాధానము చెప్పితిని. "అమ్మా, మీ అమ్మను ఎవరూ తీసుకుపోలేరు. మీ వంటగిన్నెను కూడా ముట్టుకోలేరు. మీ నాన్న డబ్బు బాకీ ఉన్నాడు, అంతే. అది నెమ్మదిగా తీరుతుంది" అంటిని. ఆమె ముఖమున వెంటనే నవ్వు రాలేదు. "మరి ఆ రోజు మీరు ఆ మాట అతనితో ఎందుకు చెప్పలేదు?" అని మాత్రము అడిగెను.

ఆ ప్రశ్నకు ఏ సెక్షనులోను సమాధానము లేదు. నాడు నేను చేయవలసినది గొప్ప సాహసమేమియు కాదు. ఆ అరుగుమీదనే ఒక ప్రక్క కూర్చుండి, "నాయనా, మగవాడు ఇంట లేడు. మెల్లగా మాటాడుము. నీ అధికారపత్రము చూపుము, లెక్క కాగితముమీద వ్రాసి యిమ్ము" అనియుండవలసినది. మరి ఇద్దరు పొరుగువారు వచ్చి నా ప్రక్కన కూర్చున్నచో, ఆ కేకలు వినువారు లేక వాటియంతట అవియే ఆగిపోయెడివి. హరిశ్చంద్రునికై నాటకశాలలో విడుచు కన్నీటిలో సగమైనను మన వీధిలోని గడపకు దక్కవలెను. మరల అట్టి ఉదయము వచ్చినచో నేను తలవంచుకొని పోకుందును గాక యని, ఈ వ్యాసము చదివిన గృహస్థులలో ఒకరైనను నాతోగూడ ఆ అరుగుమీద కూర్చుందురు గాక యని కోరుచున్నాను.